తెర అవతలివైపు

ఏవండీ,

ఇది మీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను, అంత సిగ్గుగా ఉంది. మీ సంవత్సరీకం పెట్టి నెలైనా కాలేదు, నిన్న మన పక్కింటి రేచల్ కూతురి పెళ్ళికి వెళ్ళాను. వాళ్ళ యూదుల ఆచారం మీకు తెలుసుగా, హాల్లో మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు, మధ్యలో నిలువెత్తు తెర. మగవాళ్ళెవరూ చూడరన్న ధీమాతో ముసలమ్మలు కూడా చెప్పులు విడిచేసి గెంతుతున్నారు. రేచల్ నా చెయ్యి పట్టి లాగింది. మీరెంత బతిమాలినా మనింట్లో డాన్సుకి ఒక్క అడుగు వెయ్యనిదాన్ని, కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని చెమటలు పట్టేదాకా ఆడాను.

అవతల మగవాళ్ళ పాటలు, కాళ్ళ చప్పుడు వినిపిస్తూనే ఉన్నాయి. కనిపించకపోవడం వల్లేనేమో, అటేం జరుగుతోందో చూడాలని ఒకటే ఆరాటం. ఆగలేక తెర కాస్త పక్కకు జరిపి తొంగిచూశాను. పెళ్ళికూతురి అమ్మమ్మ చూసేసింది.

"ఇట్స్ ఓకే హనీ, వుయ్ ఆల్ పీక్" అని నవ్వి, నా భుజం మీంచి తనూ తొంగిచూసింది. "విచ్ వన్ ఈజ్ యువర్ హస్బెండ్?"

సిగ్గుతో చచ్చిపోతూనే, అచ్చం మీలాగే తాళం తప్పి చప్పట్లు కొడుతున్న ఎవరో ఒకాయన వైపు వేలు చూపించాను.