కలిదిండి మేడ చూసొచ్చాను

ఏవండీ,

మీరు రిటైరయ్యాక శనివారం వస్తే చాలు, ఏదో ఒక ఊళ్లో పాత ఇల్లు చూడటానికి బస్సెక్కేవాళ్లం. కలిదిండి మేడ మాత్రం మీ మోకాలి నొప్పి తగ్గాక చూద్దామన్నారు. దాన్ని రేపు కూలగొట్టేస్తున్నారని తెలిసి ఈ ఉదయం బయల్దేరాను.

మీ అక్కయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. "ఏడాది తిరక్కుండా ఒకరి గడప తొక్కుతావా? నలుగురూ ఏమనుకుంటారు?" అన్నారు.

"ఏడాది తిరిగేదాకా ఆ నలుగురూ మేడని ఆపుతారా వదినగారూ?" అని చెప్పులేసుకున్నాను.

అక్కడికి వెళ్లాక కాళ్లు ఆగాయి. "మీ ఇల్లు ఒకసారి చూడొచ్చా అండీ" అని తలుపు తట్టేది ఎప్పుడూ మీరే. ఈసారి నేనే తట్టాను. ఒక పెద్దావిడ తీశారు. దాచడం ఇష్టంలేక, "మావారు పోయి ఏడాది కాలేదండీ. వద్దంటే ఇక్కణ్ణుంచే చూసి వెళ్తాను" అన్నాను.

"రేపు కూలగొట్టే ఇంటికి సూతకమేంటండీ, రండి" అన్నారావిడ.

మీలాగే ప్రతి స్తంభాన్నీ చేత్తో తట్టి చూశాను. ఉయ్యాల బల్ల మీద కూర్చుని ఆవిడిచ్చిన కాఫీ తాగాను. వదినగారికి అదీ చెబుతాను, వచ్చే శనివారం తాడేపల్లిగూడెం వెళ్తున్నాననీ చెబుతాను.

తిరుగు బస్సులో మీరెప్పుడూ నాకివ్వని కిటికీ సీటు తీసుకున్నాను. పక్క సీట్లో నా సంచీ పెట్టాను. కైకలూరులో జనం ఎక్కారు.

"సంచీ తీయండమ్మా" అన్నాడు కండక్టరు.

"మనిషి ఉన్నారండీ" అన్నాను.

ఏలూరు వచ్చేదాకా తీయలేదు.