రిబ్బను వెనుక స్కానింగు యంత్రం

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ప్రసూతి విభాగపు కొత్త స్కానింగు యంత్రమును, ప్రారంభోత్సవము కొరకు ఆగక, నా చెల్లెలి నిమిత్తము రేపు ఉదయము పది గంటలలోగా తెరిపించుట గురించి.

నేను తమ కుట్టుగదిలో ఇరవై రెండేళ్లుగా దుప్పట్లు కుట్టుచున్నదానను. ఇంతవరకు ఏమీ అడుగలేదు.

1. నా కడగొట్టు చెల్లెలు ఎనిమిదో నెల గర్భిణి. ప్రసూతి వార్డులో కిటికీ పక్క మంచము. మొదటి రెండు కాన్పులూ ఆపరేషన్లే. ఈసారి బిడ్డ మాయ కిందికి దిగి, పాత కోత మచ్చను పట్టుకున్నదని అనుమానము. ఇప్పటికి రెండుసార్లు నెత్తురు పోయినది. కదిపి వేరేచోటికి పంపుటకు వీలులేదు.

2. మాయ ఎంత లోతుకు పాకినదో పాత యంత్రములో తెలియుట లేదు. ఆపరేషను ఎల్లుండి. డాక్టరమ్మ గారు అన్న మాట: "లోపల ఏముందో చూడకుండా కోస్తే నెత్తురు ఆపడం నా చేతుల్లో ఉండదమ్మా. ముందే చూస్తే అన్నీ సిద్ధం చేసుకుంటా."

3. కొత్త యంత్రము వచ్చి ఐదు వారములైనది. నడుపు మనిషి ఉన్నాడు, కరెంటు ఉన్నది. తలుపుకు కట్టిన రిబ్బనే అడ్డము. ప్రారంభోత్సవమునకు పిలిచిన పెద్దాయన వచ్చి దానిని కత్తిరించు తేదీ మూడుసార్లు మారినది. వార్డుకు వచ్చిన స్టోరు గుమస్తాను అడుగగా, "ముహూర్తం కాకుండా కాపురానికి పంపుతామా అక్కా?" అని నవ్వెను. "కాపురం సంగతి తర్వాత, ఇక్కడ కాన్పు ముంచుకొస్తోంది నాయనా" అని నా చెల్లెలు మంచము మీదినుండే అనెను.

4. ఆ రిబ్బను అంచు మడిచి కుట్టినది నేనే. అది ఎంత గట్టిదో నాకు తెలియును.

దేవుణ్ణి అడుగవలసినది అడిగితిని. ఆయన వంతు ఆయన చూచుకొనును. ఇది తమ వంతు. గడువు దాటినచో నేనే తెరిచెదను. ఉద్యోగము పోవునని గుమస్తా హెచ్చరించెను. పోనిండు. చెల్లెలు పోరాదు.

రిబ్బనును కాక రోగిని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
కుట్టుగది పెద్దక్క

తా.క.: పది దాటింది. నిన్న ఇచ్చిన ఈ కాగితం మీ బల్ల మీద పెట్టింది పెట్టినట్టే ఉంది. రిబ్బను కత్తిరించాను. యంత్రం నడిపే అతను "నన్ను ఇరికించకు అక్కా" అంటూనే స్విచ్చి వేశాడు. మాయ మూత్రాశయం దాకా పాకిందట. డాక్టరమ్మ నెత్తురు సీసాలు రెట్టింపు చెప్పారు, రేపటికి ఇంకో సర్జనును పిలిపించారు. రిబ్బను ముక్కలు రెండూ దీనికి జతచేశాను. తిరిగి పంపితే పెద్దాయన వచ్చేనాటికి అతికి కుడతాను, అతుకు కనపడదు. చెల్లెల్ని అలా కుట్టడం నాకు చేతకాదు.