కాగితం తిప్పే చెయ్యి

అక్కా,

నలభై ఏళ్లుగా నేను కాగితాలు కోసి అతికించిన బొమ్మలన్నీ ఒకేచోట ప్రదర్శనకు పెడుతున్నారు. నీ టైలరింగ్ కొట్టు వెనకగదిలో అతికించిన మొట్టమొదటి బొమ్మ కూడా వెతికి తెచ్చారు. నీ ఫ్యాషన్ పుస్తకంలోని గౌనావిడను మెడ వరకు కత్తిరించి చేప తల పెట్టానే, అదే. మర్నాడు ఎవరో ఆ గౌను కుట్టించుకోవాలని పేజీ తీస్తే, గౌను చోట కన్నం, పైన నవ్వుతున్న తలకాయ. నా వీపు విమానం మోతే అనుకున్నాను. నువ్వేమో బొమ్మను ఎగాదిగా చూసి, "మెడ దగ్గర అంచు చిరిగిందే. కత్తెర తిప్పకు, కాగితం తిప్పు" అన్నావు. ఆ ఏడాదంతా నేను కోస్తుంటే పక్కన కూర్చుని కాగితం నువ్వే తిప్పావు.

ఇంత నున్నగా కోయడం ఎవరు నేర్పారని అడిగిన పత్రికవాళ్లందరికీ, "ఎవరూ లేరండీ, నాకు నేనే" అని చెప్పుకొచ్చాను. ఒకసారి నీ ఎదుటే చెప్పాను. నువ్వు ఖాళీ కాఫీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయావు. ఆ కప్పుల చప్పుడు నాకింకా వినిపిస్తూనే ఉంది.

ఈ ప్రదర్శనకు వేసే పుస్తకంలో మొదటి పేజీ నీ గురించే రాశాను. వద్దనకు.

ప్రదర్శనకు ఒక కొత్త బొమ్మ కూడా కావాలంటున్నారు. ఆర్నెల్లుగా నా ఎడమచెయ్యి వణుకుతోంది. ఎవరికీ చెప్పలేదు. కత్తెర పట్టే చెయ్యి బాగానే ఉంది. కాగితం తిప్పే చెయ్యే లేదు. ఒక్క వారం వచ్చి ఉండవూ?

నీ చెల్లి