ఆరో మంచం మీది అరవై ఒకటి

అమ్మకు,

నీ పెద్దది నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమమే. నువ్వూ, తమ్ముడూ, వాడి తుమ్ములూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబులు. వేళకే తింటున్నాను. కిటికీ రెక్క బాగుచేయించాను, ఇప్పుడు కొట్టుకోవడం లేదు. ఫోనెందుకు ఎత్తనంటే, నీ గొంతు వినగానే చెప్పాలనుకున్నది మింగేస్తాను కాబట్టి. ఇక నాలుగోది, "పోయినవాళ్ళు కాసేపు మంచం దగ్గరే ఉంటారంటావా?" అని అడిగావు. దానికి కాస్త వెనక్కి వెళ్ళాలి.

కిందటి నెల నువ్వు రాసింది నాకు కంఠతా వచ్చేసింది. మీ వార్డులో ఆరో మంచం పెద్దాయన్ని పొద్దున ఆపరేషనుకి పంపుతూ గుండె మానిటరు తీగలు నువ్వే తీశావు. ఆఖరి నాడి అరవై ఒకటి, చార్టులో రాసి సంతకం పెట్టావు. ఆయన తిరిగి రాలేదు. మధ్యాహ్నం దుప్పటి మార్చావు. తీగలు కొక్కేనికి వేలాడుతున్నాయి. ఇంకా మంచం దాకా రాని కొత్తావిడ పేరు మానిటరు తెర మీద వెలిగింది. దాని కింద అరవై ఒకటి. గుండె బొమ్మ ఆ లెక్కనే కొట్టుకుంటోంది. నువ్వు డాక్టర్ని పిలుచుకొచ్చేసరికి ఆవిణ్ణి పడుకోబెట్టి తీగలు తగిలించేశారు. అంకె మారిపోయింది.

మూడు రోజులకి రెండో మంచం తెర మీద ఒక పేరు. మొదటి సగం వెళ్ళిపోయినావిడది, రెండో సగం రాబోయేవాడిది. "అలాంటి పేరున్న మనిషి ఎక్కడా ఉండడే" అని రాశావు. హెడ్ నర్సేమో, "సిస్టర్, కళ్ళజోడైనా మార్చు, లేకపోతే నిన్నే మార్చాల్సొస్తుంది" అన్నదట. అన్నంత పనీ చేసింది. ముప్పయ్యేళ్ళు వార్డులో తిరిగిన నిన్ను ఈ నెలాఖరుకి దుప్పట్ల గదికి పంపుతోంది.

ఆ తెర వెనక కోడ్ రాసేది మా ఆఫీసేనని నీకు తెలుసు. లోపల రెండు చేతులున్నాయనుకో. ఒకటి రాస్తుంది, ఒకటి చదువుతుంది. రాసే చెయ్యి పాత నాడి చెరిపి, కొత్త పేరు రాసి, చివర "సిద్ధం" అని గుర్తు పెడుతుంది. ఆ గుర్తు చూశాకే రెండోది చదివి తెర మీద వేస్తుంది. కొత్త నర్సులకి నువ్వు చెప్పేదే. "ముందు అంకె, తర్వాత సంతకం. సంతకం ముందు పెడితే చూసేవాళ్ళు పని అయిపోయిందనుకుంటారు తల్లీ."

కానీ ప్రాసెసర్‌కి తొందరెక్కువ. మనం రాసిన వరుసలోనే అన్నీ బయటికి కనిపించాలన్న పట్టింపు దానికి లేదు. భయపెట్టేదేమిటంటే, రాసిన చెయ్యి వెనక్కి చూసుకుంటే అంతా వరుసలోనే ఉంటుంది. పక్కనుంచి చూసేదానికే తారుమారు. గుర్తు ముందే కనిపిస్తుంది, దాని వెనక ఇంకా పాత మనిషే ఉంటాడు. లేదా సగం పాత మనిషి. అలా జరక్కుండా మధ్యలో ఒక వాక్యం రాస్తాం, బారియర్ అంటాం. పైవన్నీ అందరికీ కనిపించాకే కిందిది కనిపించాలని దాని అర్థం.

ఆ వాక్యం తీసేసింది నేనే. నా బల్ల మీది కంప్యూటర్ రాసిన వరుస ఎప్పుడూ తప్పని రకం. ఆ వాక్యం ఉన్నా లేకపోయినా అక్కడ తేడా కనిపించలేదు. "అనవసరం" అని రాసి మరీ కొట్టేశాను. తెర చురుకైందని మెచ్చుకున్నారు కూడా. మీ వార్డు యంత్రాల్లో చిప్పు వేరు.

కిందటి నెల నీ ఉత్తరం అందాక ఆ చిప్పు తెప్పించి పరీక్ష పెట్టాను. లక్షల సార్లు సరిగ్గానే వచ్చింది. భోజనానికి లేవబోతుంటే, నేను కల్పించిన కొత్త పేరు కింద పాత గుండె కొట్టుకోవడం మొదలుపెట్టింది. పక్కన అందరూ నవ్వుకుంటూ క్యారేజీలు విప్పుతున్నారు. నేను వంగి బల్ల కింద తీగలు తడిమి చూశాను. ఏదీ దేనికీ తగిలించి లేదు.

అమ్మా, నీ దగ్గర నేను దాచింది ఇది కాదు. ఆ సాయంత్రమే నీకు జవాబు రాశాను, "వయసొస్తోంది, ఒకసారి కళ్ళు చూపించుకో" అని. తెలిసే రాశాను. నువ్వు నా మాట నమ్మి వెళ్ళావు. "కళ్ళు భేషుగ్గా ఉన్నాయట, అయితే పాడైంది ఇంకేదో" అని ఇప్పుడొచ్చిన ఉత్తరంలో రాశావు. అది చదివినప్పటినుంచీ నాకు నిద్ర లేదు.

నిన్న మా బృందం పెద్దాయనకి చెప్పాను.

"ఎవరైనా ఫిర్యాదు చేశారా?"

"చేశారు."

"ఎవరు?"

"మా అమ్మ."

ఆయన నవ్వబోయారు. "ఖాళీ మంచం కాబట్టి దయ్యం అనుకున్నారు సార్. మనిషున్న మంచమైతే? ఆగిపోతున్న గుండె మీద ఇంకెవరిదో నిబ్బరంగా కొట్టుకుంటే?" అన్నాను. కుర్చీలోంచి లేచారు.

ఆ వాక్యం మళ్ళీ పెట్టాం. తెరని నమ్మొద్దు, చేత్తో నాడి చూడండి అని అన్ని ఆసుపత్రులకీ కబురు వెళ్ళింది. తీసింది నేనేనని కింద నా సంతకం ఉంది. ఉద్యోగం సంగతి సోమవారం తేలుతుంది. ఆ కాగితం నకలు ఇందులో పెట్టాను. తీసుకెళ్ళి హెడ్ నర్సు బల్ల మీద పెట్టు. దుప్పట్ల గదికి వెళ్ళకు.

పోయినవాళ్ళు ఉండరమ్మా. వాళ్ళని చెరపకముందే మేం సిద్ధమనేశాం, అంతే. కానీ ఎన్ని వార్డుల్లో ఎంతమంది నర్సులు ఇదే చూసి, కళ్ళు నులుముకుని ఊరుకున్నారో తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తోంది.

నిన్న రాయడానికి కూర్చుని, ఏం తోచక ముందే కింద సంతకం పెట్టేశాను. పైనంతా తెలుపు. ఎవరైనా చూస్తే అంతా చెప్పేశాననుకునేవాళ్ళు. చింపేశాను. ఇది వేరే కాగితం.

ఇట్లు,
అన్నీ రాశాకే సంతకం పెడుతున్న
నీ పెద్దకూతురు