చెరపకూడని నల్లబల్ల

ప్రియమైన కోడలు పిల్లకు,

మామయ్య ఆశీస్సులు. ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఫోనులో నువ్వు చెప్పేదాంట్లో నాకు సగమే వినబడుతుంది, మిగతా సగం నేను కల్పించుకుంటాను. మొన్న అలాగే విని, నీకు గేట్లు తీసే ఉద్యోగం వచ్చిందని సెలూనంతా చాటేశాను. బేకరీ ఆయన మొహం నిండా నురగతో లేచి కూర్చుని, "అంత చదివి గేట్లు తియ్యడమేంటి గురూ?" అన్నాడు. కత్తి నా చేతిలో ఉంది కాబట్టి మర్యాదగానే, "ఇంటి గేట్లు కాదయ్యా, నది గేట్లు" అన్నాను.

నిజానికి నాకూ అంతకు మించి తెలియదు. నా చదువంతా సెలూనుకొచ్చే పేపరే. అదీ జనం తలో పేజీ పట్టుకుపోగా మిగిలింది. అందుకే ఏ వార్తకైనా మొదలు తెలిస్తే నాకు చివర తెలియదు. నీ పని గురించి మాత్రం మొదలూ చివరా తెలియాలి. మన వీధి నది ఒడ్డునే కదా! పోయిన వానల్లో నీళ్లు లోపలికొచ్చి, కుర్చీ ఎక్కి, అద్దంలో మొహం చూసుకుని మరీ వెళ్లాయి. ఆ గేట్ల వెనక మా కోడలుందంటే వీధికి ఎంత ధైర్యం! వివరంగా రాయి.

ఆశీస్సులతో,
మీ మామయ్య

*

ప్రియమైన మామయ్యగారికి నమస్కారాలు.

గేట్లు నేను తియ్యను మామయ్యా. ఏ గేటు ఎప్పుడెత్తాలో చెప్పే ప్రోగ్రాము రాస్తున్నాను. కాంకరెంట్ కన్‌స్ట్రెయింట్ ప్రోగ్రామింగ్ అంటారు. పేరు చూసి భయపడకండి. వాగు, జలాశయం, వాన కొలిచే స్టేషన్లు, గేట్లు - వీటన్నిటికీ తలా ఒక గుమాస్తా ఉన్నాడనుకోండి. అందరూ ఒకేసారి పనిచేస్తుంటారు. ఎవరూ ఎవరికీ అధికారి కాదు. అందరికీ కలిపి ఒకే నల్లబల్ల. తెలిసినవాడు తెలిసినంతవరకే రాస్తాడు. వాన గుమాస్తా "వాగులో నీరు ఆరడుగులకు తగ్గదు" అని రాస్తే, జలాశయం గుమాస్తా "తొమ్మిది దాటదు" అని రాస్తాడు. కచ్చితమైన అంకె ఎవరికీ తెలియక్కర్లేదు. గేటు గుమాస్తా బల్లను చూసి, "అయిదు దాటిందన్నది ఖాయమేనా?" అని అడుగుతాడు. ఖాయమైతే గేటెత్తుతాడు. కాకపోతే, తేలేదాకా ఆగుతాడు.

నియమం ఒక్కటే. ఒకసారి రాసింది ఎవరూ చెరపకూడదు. ఒకదానికొకటి పొసగని మాటలు పడితే బల్ల ఒప్పుకోదు, పనంతా ఆగిపోతుంది.

వానలు మొదలవగానే నిజం కొలతలతో ఆఫీసు పెద్దల ముందు దీన్ని నడిపి చూపాలి. నచ్చితే ఈ ఏడాది గేట్లు దాని మాట వింటాయి. నచ్చకపోతే పాత పద్ధతే: పెద్ద ఇంజనీరు గారు కిటికీలోంచి నదిని చూసి చెయ్యి ఊపడం.

ప్రేమతో,
మీ కోడలు

*

ప్రియమైన కోడలు పిల్లకు,

నీ ఉత్తరం సెలూన్లో గట్టిగా చదివాను. లెక్కల మాస్టారు సగం గీసిన గడ్డంతో తల ఊపుతూనే ఉన్నాడు. "తల ఊపకండి మాస్టారూ, చెవి తెగుతుంది" అన్నా వినడే! "ఎవరూ చెరపకూడదా? అయితే అది నీ సెలూన్లో నడవదోయ్. ఇక్కడ పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి మార్చనివాడు ఎవడున్నాడు?" అన్నాడు. నిజమే. మొన్న బేకరీ ఆయన తన బావమరిది కారు కొన్నాడన్నాడు. నిన్నటికది స్కూటరైంది. ఇవాళ సైకిలు దాకా వచ్చింది. రేపు వాడు నడిచే తిరుగుతాడేమో!

వీధంతా నీ ప్రోగ్రాము కోసం ఎదురుచూస్తోంది. వానల కోసం కూడా ఎప్పుడూ ఇంతగా ఎదురుచూసి ఉండదు.

గర్వంతో,
మీ మామయ్య

*

ప్రియమైన మామయ్యగారికి,

ఆగిపోయింది మామయ్యా. అందరి ముందూ.

వాగు దగ్గర నీటి లోతు కొలిచే గొట్టం "నాలుగడుగులు" అంది. పైనున్న వాన స్టేషన్లు "ఆరుకు తగ్గదు" అన్నాయి. రెండూ ఒకే బల్ల మీద ఎలా పొసగుతాయి? స్క్రీను మీద గేట్ల బొమ్మలన్నీ బిగుసుకుపోయాయి. పెద్ద ఇంజనీరు గారు తీరిగ్గా టీ తాగి, కప్పు కింద పెట్టి, "ఏమ్మా, మీ ప్రోగ్రాముకి ఇవాళ మౌనవ్రతమా?" అన్నారు. అందరూ నవ్వారు. ఏడిస్తే బాగుండదని నేనూ నవ్వాను.

తరవాత ఆయన గదిలోకి పిలిచి, "వాన లెక్కలు అంచనాలు. గొట్టం చూపేది కళ్లెదుటి నిజం. గొట్టం మాట రాగానే అంతకు ముందున్నవి చెరిగిపోయేలా మార్చు. సోమవారం మళ్లీ చూపించు. లేదంటే ఈ ఏటికి వదిలేద్దాం" అన్నారు.

అది ఒక్క పంక్తి పని. మార్చితే చక్కగా నడుస్తుంది. కానీ చెరపడం మొదలయ్యాక ఆ బల్లని ఎవరు నమ్ముతారు? మీ అబ్బాయిని అడిగితే, "నాకేం తెలుసు, నాన్ననడుగు" అన్నారు. ఏం చెయ్యమంటారు?

మీ కోడలు

*

ప్రియమైన కోడలు పిల్లకు,

బెంగపెట్టుకోకు. ఒక సంగతి చెబుతాను. ఒకసారి ఒక పెద్దమనిషి మీసం ఎడమవైపు ఎక్కువైందన్నాడు. నా కళ్లకు రెండువైపులా సమానంగానే ఉంది. వాదించానా? లేదు. కత్తెర ఊరికే గాలిలో టిక్కుటిక్కుమనిపించాను. అద్దంలో చూసుకుని, "ఆఁ, ఇప్పుడు కుదిరింది" అన్నాడు. అప్పట్నుంచీ ఆయన వేరే సెలూను గడప తొక్కలేదు.

పెద్దాయన చెరపమన్నాడు, చెరిపెయ్. ఉద్యోగం నిలబడ్డాక నీ ఇష్టమొచ్చినట్టు మళ్లీ రాసుకోవచ్చు. తల వంచనివాడికి క్షౌరం కూడా కాదమ్మా. ఎంత మంచి పనైనా ముందు కుర్చీలో చోటు దొరకాలి కదా! నా మాట నువ్వు కాదనవని తెలుసు. సోమవారం సాయంత్రానికి సెలూన్లో అందరికీ టీ చెప్పి ఉంచాను.

మీ మామయ్య

*

ప్రియమైన మామయ్యగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ మాట వినలేదు. కోపగించుకునే ముందు జరిగింది వినండి.

బల్ల ఒప్పుకోలేదంటే రాసినవాళ్లలో ఎవరో ఒకరిది తప్పు. ఎవరిదో తేల్చకుండా చెరిపితే, తప్పును ఉంచి నిజాన్ని చెరిపినా చెరిపెయ్యొచ్చు. శనివారం వానలోనే మెకానిక్‌ను వెంటబెట్టుకుని జీపులో వాగు దగ్గరికి వెళ్లాను. గొట్టం మూత తీసి అతను లోపలికి టార్చి వేశాడు.

"మేడమ్, బెండు చూడండి" అన్నాడు.

నీళ్లతో పాటు పైకీ కిందికీ తేలాల్సిన బెండు బురదలో కూరుకుపోయి ఉంది. "ఇది పోయిన వానల బురద. గట్టిపడి రాయైపోయింది. నది పొర్లినా ఇది నాలుగే అంటుంది" అన్నాడు. బయట, అడుగులు చూపే రంగు గీతల స్తంభం మీద నీళ్లు ఆరు దాటి ఉన్నాయి.

వానల మాటే నిజం మామయ్యా. దాన్నే నన్ను చెరపమన్నారు.

అక్కణ్నుంచే పెద్ద ఇంజనీరు గారికి ఫోను చేశాను. అంతా విని, "నే వస్తున్నా, అక్కడే ఉండు" అన్నారు. గొడుగు మర్చిపోయి వచ్చారు. మోకాళ్ల మీద కూర్చుని గొట్టంలోకి ఆయనే తొంగిచూశారు. లేచి, "చెరిపేసి ఉంటే గేట్లు మూసే ఉండేవి" అన్నారు. బురద తీయించి, తడిసిన చొక్కాతోనే ఆఫీసుకి తిరిగొచ్చి, పాత బల్ల చెరపకుండా కొత్త బల్లతో అందరి ముందూ మళ్లీ నడిపించమన్నారు. ఈసారి గొట్టం ఆరున్నర రాసింది. వానలు ఒప్పుకున్నాయి. ఎవరూ ఆజ్ఞ ఇవ్వకుండానే మూడో గేటు లేచింది. గదిలో ఎవరూ నవ్వలేదు. ఈ ఏడాది గేట్లు దాని మాటే వింటాయి.

మీ మాట కాదన్నందుకు తిట్టాలనిపిస్తే తిట్టండి.

మీ కోడలు

*

ప్రియమైన కోడలు పిల్లకు,

తిట్టడమా! మొన్న నాలుగు రోజులు ఆకాశం తెగి పడ్డట్టు కురిసింది. నీళ్లు మన వీధి చివరి మెట్టు దాకా వచ్చి, కాసేపు నిలబడి, లోపలికి రాకుండానే వెళ్లిపోయాయి. వీధంతా గొడుగులేసుకుని ఆ మెట్టునే చూస్తూ నిలబడ్డాం. పోయినేడు కుర్చీలెత్తి అటక మీద పెట్టినవాళ్లం, ఈసారి కుర్చీల్లోనే కూర్చుని కబుర్లు చెప్పుకున్నాం.

మర్నాడు సెలూన్లో నీ ఉత్తరం చదివాను. అయిపోగానే లెక్కల మాస్టారు, "గట్టి పిల్లోయ్! వెనక నీ సలహా ఉండే ఉంటుంది" అన్నాడు. అందరూ నా వంక చూశారు. ఒప్పేసుకుంటే పోయేదే. నోటిదాకా వచ్చింది కూడా.

"లేదు మాస్టారూ. నేను చెరిపెయ్యమన్నాను. ఆ పిల్ల నా మాట వినలేదు" అన్నాను.

బేకరీ ఆయనే ముందు తేరుకుని, "మామ మాట వినని కోడలా! ఏం కాలమొచ్చింది గురూ!" అన్నాడు. "మంచి కాలమే వచ్చింది. విని ఉంటే ఇప్పుడు నువ్వు నీ బేకరీలోంచి బక్కెట్లతో నీళ్లు తోడుతుండేవాడివి" అన్నాను. ఆ రోజు నుంచి గడ్డానికొచ్చిన ప్రతివాడికీ ఇదే చెబుతున్నాను. జుట్టుకొచ్చినవాళ్లకు ఇంకా వివరంగా చెబుతున్నాను.

అలాగని సలహాలు మానను సుమా! అది నావల్ల కాదు. ఈసారి సందేహమొస్తే తప్పక రాయి. నాకు తోచింది నేను చెబుతాను. నువ్వు మాత్రం గొట్టం మూత తీసి చూడు.

ఇకమీదట నీ మాట వినే,
మామయ్య