మంద ఊళ్లో లేనప్పుడు

చిరంజీవి త్రివేణికి తాత దీవెనలు. ఇక్కడ నా మోకాళ్లు తప్ప అందరి పానాలు బాగనే ఉన్నయి. నువ్వు యాళ్లకు తింటున్నవనుకుంట.

మీ చిన్నతాత నాకిచ్చిన మాట గురించి నీకెన్నడూ చెప్పలేదు. మా నాయిన పోయినప్పుడు ఒకరు బడికి, ఒకరు మంద ఎంబడి పోవాల్సి వచ్చింది. నేను కట్టె పట్టిన. తమ్ముడు నా చెయ్యి పట్టుకొని, "అన్నా, మన గొర్ల గురించి ఏం రాసినా ముందుగాల నీకు చదివి వినిపిస్త" అన్నడు. తర్వాత నేను గొర్లు కాసుకుంటనే అక్షరాలు నేర్చిన, లైబ్రరీల బీరువాలకు బీరువాలు చదివిన. వాడు పశువుల దవాఖానల కొలువు చేసి, రిటైరై, మా గొర్ల సంఘానికి సెక్రటరీ అయిండు. ఇన్నేండ్లల్ల ఒక్క ముక్క నాకు చదివి వినిపించలేదు.

పోయిన ఉత్తరంల రెండు సంగతులు అడిగినవు. మీ కంపెనీ మా సంఘానికి పెట్టిన ఏఐ ఏజెంట్‌తోని మా చెల్లె గుర్వమ్మ ఫోన్ల ఏమన్నది? ఆ టూల్ గురించి ఏం రాసుంటే ఈ నష్టం జరగకపోవు?

గుర్వమ్మ అడిగింది టీకాల గురించి. "అయ్యా, ఎండలకు మందను కృష్ణ ఒడ్డుకు తోలుకపోతున్నం. మంద ఊర్ల లేదు. టీకాలు ఏడ ఏస్తరు?" అన్నది. ఏటా పోయేదే, వానలు పడంగనే మర్లొచ్చేదే. ఏజెంట్ చేతిల 'మంద మూసివేత' అనే టూల్ ఉంది. అది ఎప్పుడు వాడాలెనో మీ కంపెనీకి రాసిచ్చింది మీ చిన్నతాత. ఒకటే వాక్యం: 'మంద ఊళ్లో లేనప్పుడు వాడాలి.' ఏజెంట్ వాడింది. సంఘం లెక్కలకెల్లి మంద పేరు కొట్టేసింది, దాంతోని బీమా పోయింది. ఫోన్లకు మెసేజ్ వచ్చిందట. చదువు రాని మనిషికి మెసేజ్! వారం తిరగకముందే కొత్తకోట కాడ రోడ్డు దాటుతుంటే మంద మీదికి లారీ వచ్చింది. సగం మంద పోయింది. బీమావాళ్లు "మీ మందను మీరే మూయించుకున్నరు" అని చేతులు దులుపుకున్నరు. ఇప్పుడు ఆమెకు బీమా వచ్చుడు, రాకపోవుడు తప్పెవరిదని మీ కంపెనీ తరఫున నువ్వు రాసే రిపోర్టు మీదనే ఉంది.

ఇగ రెండోది. మంద మొత్తం అమ్ముడుపోతేనో, చచ్చిపోతేనో తప్ప ఆ టూల్ వాడొద్దని రాయి. మేతకు వలస పోయిన మంద వాపసొస్తది, దానికి వాడొద్దని పేరు పెట్టి రాయి. వాడితే బీమా గూడ పోతదని, మళ్ల తెరువాలంటే కంపెనీవాళ్లే తెరువాలెనని రాయి. వాడకముందు మంద గలవాళ్లను నోటితోని అడగాలె, అవునంటేనే ముట్టాలె. ఏజెంట్ మన పొలిమేర చూసింది కాదు, మన ఎండకాలం ఎరిగింది కాదు. రాసిందే దానికి లోకం. గీ సంగతి నీ కొలువుల నువ్వు నేర్చినవు. పుట్టుకతో గొల్లోడై, వలస పోయిన మంద వాపసొస్తదని మీ చిన్నతాతకు తెల్వదా? తెలుసు. ఎట్ల రాయాలెనో నన్ను అడుగుతే చిన్నతనమని అడగలే.

వాడు నీకు ఫోన్ చేసి, "ముసల్ది తప్పు మాట్లాడిందని రాయి, లేకుంటే మిషిన్ తప్పని రాయి బిడ్డా" అన్నడని రాసినవు. సొంత అక్కను గూడ వదలడు.

ఇప్పటిదాక దాచిన మాట ఒకటి చెప్త. మొన్న నేను కృష్ణ ఒడ్డుకు పోయిన. మీ చిన్నతాత మంద గూడ ఆడనే మేస్తాంది. దాన్ని కాసే మనిషితోని, "మంద ఏడుందో ఏజెంట్‌కు చెప్పి టీకాలు అడుగు" అన్న. "మంద ఊర్ల లేదు, ఏటికాడుంది" అన్నడు పాపం. ఒక్క అబద్ధం లేదు. తెల్లారేసరికి మీ చిన్నతాత మంద బీమా గూడ గుర్వమ్మ బీమా పోయిన తొవ్వనే పోయింది.

సంఘం ఆఫీసుల వాని కేకలు వినాలె నువ్వు. "దున్నపోతుకైనా తెలుస్తది, మేతకు పోయిన మంద వాపసొస్తదని! గీ మిషిన్‌కు బుద్ధి లేదా?"

"దున్నపోతు నీతోని పెరిగింది, దానికి తెలుస్తది. మిషిన్‌కు ఎవరు చెప్పిండ్రురా? ఏడ రాసినవ్, చూపియ్యి" అన్న, అందరి ముందర.

"అన్నా, గిది నువ్వు చేయించిందేనా?"

"నువ్వు రాసిందే చేసిందిరా. నేను ఒక్క అక్షరం మార్చలే."

గుర్వమ్మ మూలకు కూసోని ఉంది. వాడు ఆమె దిక్కు చూడలేదు.

నీకు ఫోన్ చేసి తన మంద తెరువమంటడు. తెరువకు. గుర్వమ్మ ముందర నిలబడి తప్పు నాదే అనే దాక తెరువకు. ఇయ్యాల వాని మంద గూడ బీమా లేకుంట రోడ్డు దాటుతాంది. దాటనీ. జర వానికి గూడ నిద్ర పట్టకుంట కానీ.

ఎనుకట నేను గిసొంటివి మింగిన. వాని మర్యాద పోతదని, ఇల్లు రెండైతదని. ఇగ మింగ. రిపోర్టుల 'సాంకేతిక లోపం' అని రాసినవంటే నా గడప తొక్కకు బిడ్డా. ఏజెంట్‌ది తప్పు లేదు. గుర్వమ్మది తప్పు లేదు. కారణం ఎవరని అడిగిన కాడ మీ చిన్నతాత పేరు ఇంటిపేరుతోని సహా రాయి: కడారి మల్లేశం.

ఇట్లు,
నీ తాత
గోపయ్య