అక్క నేర్చిన 'వెళ్లడం'

తమ్ముడు ఇద్వల్‌కు,

దేవుని దయవల్ల క్షేమం. వెల్ష్ తరగతిలో ఈ వారం 'మింద్' చెప్పారు. వెళ్లడం అని. మీకది తల్లిపాలతో వచ్చింది. నన్ను మూడో ఏట ఇంగ్లండులో, చెస్టర్‌లో ఉన్న పిన్నికిచ్చి ఇంగ్లీషులో పెంచారు గనక నాకు యాభై ఆరో ఏట వస్తోంది.

మొన్న ప్రార్థన కూటంలో నేను మాట వెతుక్కుంటుంటే నువ్వు జాలిపడి ఇంగ్లీషులోకి దిగావు. నీ వెనకే అందరూ. ఇక అలా చేయొద్దు. అమ్మ ప్రార్థించిన చాపెల్‌లో అమ్మ భాషలోనే ప్రార్థిస్తాను.

మీ అక్క,
కైన్వెన్

తా.క. (వెల్ష్‌లో) శుక్రవారం నేను పబ్బుకు వెళ్తున్నాను.

*

అక్కకు వందనాలు.

నువ్వు పబ్బుకని రాస్తే నేనూ తోటి సంఘ పెద్ద హమ్‌ఫ్రీ గారూ నిన్ను తీసుకురావడానికి పరుగెత్తాం. సంఘ పెద్దలు ఆ గడప తొక్కడం ఇదే మొదలు. గంటన్నర కూర్చున్నాం. నువ్వు రాలేదు, ఊరంతా వచ్చింది. ఊరికే కూర్చోనివ్వరని నిమ్మరసం తాగాం. ఇప్పుడు దాన్ని ఎవరూ నిమ్మరసం అనడం లేదు.

మొన్న కూటంలో ప్రార్థిస్తూ నువ్వు మాట మధ్యలో నాలుగు నిమిషాలు ఆగావు. పక్షవాతమనుకుని లోయిస్ అత్త డాక్టరు కోసం లేచింది. ప్రార్థన ఇంగ్లీషులో చెయ్యి అక్కా. దేవుడికి ఇంగ్లీషు వచ్చు.

నీ తమ్ముడు,
ఇద్వల్

తా.క. హమ్‌ఫ్రీ గారి భార్య ఆయనతో మాట్లాడటం లేదు. ఏ భాషలోనూ.

*

ఇద్వల్‌కు,

అది తరగతిలో ఇచ్చిన ఇంటిపని, నాయనా. ఉత్తరం చివర 'మింద్'తో ఒక వాక్యం రాయమంది టీచరు. ఆ సాయంత్రం నేను ఇంట్లో మేజోళ్లు అల్లుకుంటున్నాను. హమ్‌ఫ్రీ గారి భార్యకు నేనే వెళ్లి చెప్తాను.

అరణ్యంలో ఇశ్రాయేలీయులను నలభై ఏళ్లు ఓర్చుకున్నవాడు నా నాలుగు నిమిషాలు ఓర్చుకోలేడా? తొందర ఆయనది కాదు, మీది.

అక్క

తా.క. (వెల్ష్‌లో) ఆదివారం నేను చర్చికి వెళ్తున్నాను.

*

అక్కకు వందనాలు.

ఈసారి మేం మోసపోలేదు. నీ చర్చి వాక్యం పెద్దల సమావేశంలో చదివితే హమ్‌ఫ్రీ గారు కూడా నవ్వారు. మనది చాపెల్, చర్చి మనకు పడని వేరే సంఘం; మన నాన్న ఎవరి పెళ్లికైనా ఆ చర్చి గడప దాటలేదు. ఆయన కూతురు దాటుతుందా?

ఆ సమావేశంలో పెద్దల తీర్మానం మాత్రం ఇదే. నీ ప్రార్థన ఇంగ్లీషులోనే. నీ ప్రార్థన అయ్యేసరికి కూటం టీ చల్లారిపోతోందని ఆడవాళ్ల ఫిర్యాదు.

ఇద్వల్

తా.క. ఆదివారం చాపెల్‌లో నీ చోటు ఖాళీగా ఉంది. జలుబా?

*

ఇద్వల్‌కు,

జలుబు కాదు. ఆ వాక్యం ఇంటిపని కాదు. వెళ్లాను.

చర్చిలో ఏడుగురున్నారు. ప్రార్థన చేస్తారా అని పాస్టరు గారు వెల్ష్‌లోనే అడిగారు. తొమ్మిది నిమిషాలు పట్టింది. రెండు చోట్ల ఆగిపోయాను. ఒక్కరూ ఇంగ్లీషు అందివ్వలేదు. ఒక ముసలాయన మాత్రం నిద్రపోయాడు. అమ్మ పేరు చెప్పి ముగించాను.

నాన్న చర్చి గడప దాటలేదు, నిజమే. ఆయన ఇంగ్లీషులో ప్రార్థించిన రోజూ లేదు.

మీ కోసం ప్రార్థిస్తున్నాను. ఏ భాషలోనో చెప్పనక్కర్లేదు.

అక్క

తా.క. వచ్చే వారం 'తిరిగి రావడం' నేర్పుతారట. మీరంతా ఆగడం నేర్చుకునేదాకా నాకా పాఠం ఎక్కదు.